సున్నా పైన సందు

గుణుపురంలో ఆ ఇంట్లో
తెలుగు చదివేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.
కొడుకులు ఒడియా బడికి పోయారు,
మనవలకి భువనేశ్వర్లో ఇంగ్లీషు.
అందుకని నన్ను పిలిచారు.
రోజుకి రెండొందలు, మధ్యాన్నం భోజనం.

పని, పొట్నూరు వారి తోట లెక్కలు చదవడం.
ముప్పై ఒక్క పుస్తకం.
ఏం వెతకాలో వకీలు చెప్పాడు:
"కొండవాలు మనదని ఎక్కడ రాసుందో
అక్కడ కాగితం ముక్క పెట్టండి, చాలు."

ఎర్రగుడ్డ అట్టలు.
చెదలు తిన్నచోట వంశధార ఎండిపోయినట్టు
తెల్లటి పాయలు.
ప్రతి పేజీ నెత్తిన శ్రీరామ.
దాని కింద పసుపు ఎన్ని బారువులు,
చింతపండు ఎన్ని గోతాలు,
పర్లాకిమిడి సంతకి ఎన్ని బళ్ళు.

పెద్ద జగ్గయ్య కాలంలో పసుపు.
కొడుకు కాలంలో జీడి.
మనవడి నాటికి కాగితం మిల్లుకి నీలగిరి.
చెట్లు మారాయి గానీ
గుంతలు తవ్విన పేర్లు మారలేదు:
సవర జిగాను.
జిగాను కొడుకు లక్కియా.
లక్కియా కొడుకు సుంబుర.
పేరు పక్కన గొతి, గొతి పక్కన బాకీ,
బాకీ పక్కన ఊదా సిరాలో బొటనవేలు.

ఒక పేజీలో పుట్టినవి వరసగా ఉన్నాయి:
కర్రావుకి కోడెదూడ,
లక్కియా పెళ్ళానికి మగపిల్లాడు,
మచ్చల మేకకి రెండు.
రాత ఎక్కడా తడబడలేదు.

ఇంకో పేజీ అంతా ఖాళీ.
చివర్న ఒకే ముక్క: చిన్నబాబు మశూచికి పోయాడు.
ఆ ఖాళీ చూసి నాకూ గొంతు పట్టేసింది.
మర్నాటి పేజీలో
నిన్న కూలి ఎవరికీ లేదని రాసుంది.

రాత మా ముత్తాత లోకనాథానిది.
ఆవగింజలు పేర్చినట్టుండేదని
మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.
నిజమే. అలాగే ఉంది.

నాలుగో రోజు పదకొండో పుస్తకంలో
జిగాను పెళ్ళికి తీసుకున్నది: ౭.
పన్నెండో పుస్తకంలో
వెనక పుస్తకం నిలవ: ౭౦.
ఏడు పాత సిరా, పాలిపోయింది.
సున్నా ఇంకా నల్లగా ఉంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.
సున్నా పూర్తిగా మూయలేదు,
పైన చీమ పట్టేంత సందు.

చిన్నప్పుడు లెక్కల మాస్టారు
నా చేతి మీద బెత్తంతో కొట్టేవాడు.
"సున్నా మూయవే గుంటా,
ఆ సందులోంచి లెక్కంతా కారిపోద్ది."
నాకు మూయడం రాలేదు.
మా నాన్నకీ రాదు.
ఎక్కణ్ణుంచి వచ్చిందో
ఆ రోజు తెలిసింది.

ఆ డెబ్బైకి వడ్డీ,
వడ్డీకి ముగ్గురు మనుషులు,
ఇరవై ఆరో పుస్తకంలో
బాకీ కింద కొండవాలు రాసిచ్చినట్టు
సుంబుర బొటనవేలు.
వకీలు అడిగింది ఇదే.

ఎస్తేరు టీ తెచ్చింది.
సుంబుర కూతురు ఆమె.
ఆదివారం బైబిలు చదువుకుంటుంది గానీ
ఈ గుండ్రటి అక్షరాలు రావు.
"మా తాతలది ఏటుందమ్మా అందులో?"

పెళ్ళికి అప్పు, అన్నాను.
"ఎంత?"
టీ మీద మీగడ కట్టేదాకా
నా నోరు పెగల్లేదు.
ఏడు, అన్నాను.
"ఏడు రూపాయిలా?"
నవ్వింది. ఆ నవ్వుకి అర్థం
ఏ పుస్తకంలో వెతకాలో తెలీదు.
గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇరవై ఆరో పుస్తకంలో ఒక కాగితం ముక్క పెట్టాను.
పన్నెండో దాంట్లో ఇంకొకటి.
రెండోది ఎందుకని వకీలు అడుగుతాడు.
చెప్పాలంటే మా ఇంటి పేరు దగ్గర మొదలుపెట్టాలి.

ఆరు రోజులయ్యాక
నా కూలి చీటీ నన్నే రాసుకోమన్నారు.
పన్నెండొందలు.
రెండు సున్నాలు పెట్టాను.
రెండింటికీ పైన
సందు ఉండిపోయింది.