ఎర్రదారం అక్షరం

గ్రోనింగెన్ ఆసుపత్రిలో
రంగుమందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేని
కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి డాక్టరమ్మ అంది:
"తలకిందులుగా వేలాడే బేరిపండులా ఉండాలి.
మీది, చూడండి, ఇలా ఉంది."

నిలువుగీత. దాని నెత్తిన అడ్డగీత.
బళ్ళో నేను మొదట రాయడం నేర్చిన అక్షరం.
టియాల్డా.
నా పేరు దానితోనే మొదలు.

మా నాన్న వీబె లాకుల కాపలాదారు.
పైనీరూ కిందినీరూ సమమయ్యేదాకా
పడవవాళ్ళు ఎన్ని తిట్లు తిట్టినా
తలుపు తీసేవాడు కాదు.
మరి అమ్మ కడుపులో, మూడో నెలలో,
రెండు సన్న కాలువలు
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి
ఒక్కటై వెడల్పయ్యే చోట
వేళకాని వేళ తలుపు తీసిందెవరు?

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
తెల్లగా, పప్పుబద్దంత బిళ్ళ.
అంతకుముందు మూడు జారిపోయాయి అమ్మకి.
మూడోదానికి ఉయ్యాలకి రంగు కూడా వేశారట.
"ఇది నిలబెడుతుంది" అన్నాడు డాక్టరు,
సైకిలు గోడకి ఆనించి, టోపీ తియ్యకుండానే.

నన్ను నిలబెట్టింది అది కాదనీ
నిలిచేదాన్ని గనకే నిలిచాననీ
ముప్పయ్యేళ్ళు పట్టింది తెలియడానికి.
అయిపోయిన బిళ్ళల డబ్బాలో అమ్మ గుండీలు పోసుకుంది.
ఇప్పటికీ సొరుగు లాగితే గలగలమంటాయి.

ఆ చలికాలమంతా కుట్టుపని.
ఆడపిల్లయితే నాయనమ్మ పేరు,
మగపిల్లాడైతే తాత పేరు,
రెంటికీ ఒకటే మొదటి అక్షరం.
దిండు గలేబు మీద, పొత్తిగుడ్డల మీద
ఎర్రదారంతో నిలువుగీత, అడ్డగీత.
బయట ఆమె కుడుతోంది.
లోపల ఇంకెవరో అదే అక్షరం కుడుతున్నారు.

నాకు రెండు పోయాయి. రెండోది ఐదో నెలలో.
ఏటా అక్టోబరులో బల్లమీద పడుకుని
పైకప్పు పలకలు లెక్కపెడతాను,
ఈసారీ కేన్సరు కాదు అనేదాకా.

అమ్మకి చెప్పినప్పుడు బంగాళాదుంపలు తొక్క తీస్తోంది.
తొక్క తెగకుండా పొడవుగా, పూర్తిగా తీసి,
"ఒక్క పూట తప్పలేదే," అంది,
"గడియారం చూసి మరీ వేసుకున్నాను."

ఏమనను? మంచి తల్లి ఆమె.
మంచితనమే డోసు.

ఆ రాత్రి వంటింట్లో దీపం చూసి దిగి వెళితే
ఒళ్ళో గలేబు, చేతిలో సూది.
ఒక్కో కుట్టూ ఎత్తి తెంపుతోంది.
చెయ్యి పట్టుకున్నాను.
అప్పటికే అడ్డగీత పోయింది.

ఆ గలేబు నా దగ్గరే ఉంది.
ఉతికి ఆరేసినప్పుడు, ఎండ వెనకనుంచి పడితే,
దారం లేనిచోట వరసగా సూదిబెజ్జాలు.
ఇంకా చదవొచ్చు.