తప్పిన బాణానికి ములికి

పంటు దిగి, బురద కాళ్లతోనే
సూరాచారి కొలిమి ముందు గొంతుక్కూచున్నాను.
గోనెలో చుట్టి తెచ్చిన కమాను పట్టీ ముక్క,
రావులపాలెం లారీ షెడ్డులో కిలో లెక్కన కొన్నది,
దాగలి పక్కన పెట్టాను.

"ఎన్ని?" అన్నాడు తల ఎత్తకుండా.
"మూడు."
"దేనికి?"
"పందికండి. లంకలో కంద చేను
ఒక్క రాత్రిలో దుక్కి దున్నేసింది."

గోడ మీంచి చెక్కపెట్టె దించాడు.
వాళ్ల నాన్న కొట్టినవి, తాత కొట్టినవి,
ఆముదం రాసి, తాటాకు ముక్కల మధ్య
పసిపిల్లల్లా పడుకోబెట్టినవి.
నా చెయ్యి తిన్నగా వెడల్పుదాని మీదికే పోయింది.
తమలపాకంత అలుగు,
రెండు వైపులా వెనక్కి తిరిగిన ముళ్లు.
ఊరికే పట్టుకుంటేనే
పంది పడిపోయినట్టనిపించింది.

"నీ విల్లు ఎందాకా వస్తుంది?"
వెదురుబద్ద. జనపనార అల్లెతాడు.
చెవిదాకా రాదు, దవడ దగ్గరే వణుకుతుంది.
చెప్పాను.
ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"వెడల్పుది తలుపు బాదుతుంది,
సన్నంది సందులోంచి లోపలికెళ్తుంది.
బాదేంత బలం నీ బద్దకి లేదు.
ఇహ ముళ్లంటావా, అవి కొర్రమీనుకి.
దానికి వెనక తాడుంటుంది, లాక్కుంటావు.
పందికి తాడు కడతావా?"

నేను మాట్లాడలేదు.
కొలిమిలో బొగ్గు చిటపటమంది.

పోయిన భాద్రపదంలో మా చిన్నాన్న పల్లయ్య
ముళ్ల ములికితో వేశాడు. తొడలో దిగింది.
మూడు రాత్రులు రెల్లులోంచి
దాని ఊపిరి వినబడుతూనే ఉంది.
టార్చిలైట్లు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాం,
ఒక్కడూ లోపలికి దిగలేదు.
నాలుగో నాడు గౌతమి ఎర్రగా పొంగి
దాన్ని తెచ్చి మా పడవ తాడుకి తగిలించింది.
చిన్నాన్న బాణం పట్టుకుని లాగాడు.
కర్ర వచ్చింది, ములికి రాలేదు.
ఆ మాంసం ఎవరూ కొయ్యలేదు.

"ఆ ములికి నేనే కొట్టాను,"
అన్నాడు సూరాచారి, తిత్తి ఊదుతూ.
"అడిగాడు, కొట్టాను. డబ్బులు కూడా ఇచ్చాడు."

ఆ తరవాత పొద్దు వాలేదాకా సమ్మెటే మాట్లాడింది.
ఇనుము ఎర్రబడింది, పసుపెక్కింది,
వేపాకులా సాగింది.
ముళ్లు లేవు, భుజాలు కూడా లేవు.
వచ్చిన దారినే జారిపోగల నున్నటి వెనుక.
"తగిలిందానికి ఏదైనా సరిపోద్దిరా అబ్బాయ్,
తగలాల్సిన చోట తగలకపోతే
ఊడి పడిపోవాలి. దానికి బతుకుండాలి."

నూనెలో ముంచాడు, పొగ కళ్లల్లో పడింది.
ఆకురాయి, సానరాయి, చివర చెప్పు తోలు.
ముంజేతి మీద ఓసారి గీస్తే
నాలుగు వెంట్రుకలు నిశ్శబ్దంగా రాలాయి.
వలదారం ముక్క చాచి ఆనించాడు,
తెగిందని దారానికే తెలిసినట్టు లేదు.

చివర్న బంగారం తూచే చిన్న తరాజు తీశాడు.
ఒక పళ్లెంలో ములికి, ఒక పళ్లెంలో గురివింద గింజలు.
మొదటిదీ రెండోదీ సరిసమానం.
మూడోది ఒక్క గింజ ఎక్కువ తూగింది.

"అరగదీయండి," అన్నాను.
"అక్కర్లేదు. ఆ రెండూ దూరం నించి వేసేవి,
వాటికి తేడా పనికిరాదు.
ఇది ఆఖరిది.
ఇది వేసేటప్పుడు నువ్వు రెల్లులోకి దిగి
దాని పక్కనే నిలబడి ఉంటావు.
నిలబడాలి."

తిరుగు పంటులో చీకటి పడింది.
నీళ్ల మీద కిరసనాయిలు వాసన,
ఎవరివో రెండు గేదెలు, ఒక సైకిలు.
నడుముకి కట్టుకున్న గుడ్డలో మూడూ ఉన్నాయి.
చూడకుండానే,
వేలితో తడమకుండానే
మూడోది ఏదో తెలుస్తోంది.