ఆరో మెట్టు

పలాసలో రాత్రి పదకొండు దాటాక
సిగ్నల్ మా మేడ మెట్ల దాకా వస్తుంది.
ఆరో మెట్టు. అదే నా కాలేజీ.

ముక్కూ మొహం తెలియని మేష్టారొకాయన
ఫీజు ఊసెత్తకుండా
బెంజీన్ ఉంగరాన్ని గిర్రున తిప్పి చూపిస్తాడు:
చేతులు పట్టుకుని తిరిగే
ఆరుగురు ఆడపిల్లలు.

ఇవాళ ఆ ఉంగరానికి తోక తగిలించాడు,
పదిహేను కర్బనాల పొడుగు.
అనకార్డిక్ ఆమ్లం.
జీడిపిక్క తొక్కలో ఉంటుందట.

ఫోనాపి కిందికి దిగాను.
దుప్పటి బయట అమ్మ చేతులు,
బూడిదకి లొంగని నలుపు,
రేషన్ డిపో మిషన్
మూడుసార్లు కాదన్న వేళ్లు.
పేరు చెప్పాను.

"ఓలమ్మ, దీనికింత పేరుందేటే?
మేం జీడనీసి ఊరుకున్నాం"
నిద్దట్లోనే అటు తిరిగింది తవుడమ్మ.

ఆదివారం అదే మెట్టు మీద
నేనూ ఒక పాఠం చెప్పాను, మా మాటలో.
బొమ్మకి అమ్మ చెయ్యి,
ప్రయోగశాలకి ఆముదం గిన్నె, పిడికెడు బూడిద.
నాలుగు నిమిషాలు.
మధ్యలో రైలు కూసింది. తీసెయ్యలేదు.
వెల రాయమన్న చోట సున్నా చుట్టాను.

ముప్పై ఏడుగురు చూశారు.
మందస నుంచి ఒకామె
ముందు ఆముదమా, ముందు బూడిదా అని అడిగింది.

నాకు తెలీదు.
అమ్మ లేవాలి.