చుక్కల పుస్తకం

హార్బరు గేటు పక్క డిస్పెన్సరీలో మేడమీది గది నాది.
కుర్రాళ్లు వస్తారు, గుండీలు మెడదాకా పెట్టుకుని.
చుక్కల పుస్తకం తెరిచి
ఏ అంకె కనిపిస్తోందని అడుగుతాను.
నా జీతం దానికే.

మొన్న మైలపల్లి ఎల్లాజీ వచ్చాడు,
పెదజాలరిపేట, టగ్గు మీద ఖలాసీ పనికి.
తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాడు.
"అంకేటీ నేదండి మేడమ్,
గచ్చు మీద సగ్గుబియ్యం ఒలకబోసినట్టుంది."
పదో పేజీ. అక్కడా సగ్గుబియ్యమే.
నాకేమో డెబ్భై మూడు
గోడ క్యాలెండరులో తేదీలా ఉంది.

"ఎరుపూ పచ్చా కలిసిపోతున్నాయి నీకు."
"పచ్చంటే ఏ పచ్చండి? పసుపా, ఆకా?
మాయమ్మ రెండిటినీ పచ్చే అంటాది.
మరావిడికి రాయరేటండి ఈ కాయితం?"

నవ్వొచ్చింది. కలం మాత్రం కదల్లేదు.

అతను కిటికీ వైపు తిరిగాడు.
"కవళ్లు దిగినాయి," అన్నాడు,
ఉద్యోగం సంగతే మరిచినట్టు.
ఎక్కడ?
"అదిగో, డాల్ఫిన్ నోస్ కింద, నీళ్లు మాసినకాడ."
చూశాను. నీలం.
కళ్లజోడు తుడుచుకుని చూశాను.
ఇంకాస్త శుభ్రమైన నీలం.

అన్‌ఫిట్ అనే రాశాను.
చీకట్లో ఎర్రదీపమేదో పచ్చదీపమేదో తెలియకపోతే
పడవ పడవని గుద్దుతుంది. అందులో వాదన లేదు.

ఇంటికొచ్చి ఒక కన్ను మూసి గోడ చూశాను,
ఇంకోటి మూసి మళ్లీ.
ఎడమకంటికి సున్నం, కుడికంటికి మజ్జిగ.
యాభై ఏళ్లుగా ఈ రెండూ
నన్నడక్కుండానే రాజీపడుతున్నాయన్నమాట.

అమ్మ గుర్తొచ్చింది.
శుక్లం తీసిన వారానికి
బీరువా ముందు చతికిలబడి
ఒక చీర ఒళ్లో వేసుకుని కూర్చుంది.
కొన్ననాడు నీలం చీర. పదేళ్లూ నీలం చీరనే పిలిచింది.
మాట అలాగే ఉంది,
మాట లోపల రంగు ఏ ఏడాది బూడిదయిందో
ఆవిడకీ తెలియదు, పక్కనే ఉన్న నాకూ తెలియదు.
"ఇంత నీలమా ఇది?" అంది,
ఎవరో దాచిపెట్టినట్టు, నా వైపు చూసి.

మర్నాడు పొద్దున ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను.
కవళ్లు కుప్పలు. కిలో అరవైకే ఇస్తున్నారు.
ఒకటి చేతిలోకి తీసుకుంటే
వీపు పచ్చగా ఉంది, తిప్పితే నీలం,
ఇంకాస్త తిప్పితే నా దగ్గర పేరు లేనిదేదో.
"ఇదేం రంగమ్మా?" అన్నాను గంపావిడతో.
ఆవిడ నన్ను ఎగాదిగా చూసి
"సేప రంగు," అంది.
"ఎన్ని కేజీలెయ్యమంతావు?"