ఎడమ కమ్మ

రాయిని చూడాలంటే పొద్దున తొమ్మిదిలోపు రా,
ఉత్తరం కిటికీ కింద కూర్చో, అనేవాడు చెంగల్రాయాచారి.
పసుపు బల్బు కింద ప్రతి కెంపూ పెళ్ళికూతురే.

చిత్తూరు బజారు వీధిలో, అద్దాల షాపుల వెనక
మూడు మెట్లు దిగితే ఆయన బల్ల.
పట్టకారు, లక్క, కుంకుడు నురగ గిన్నె,
ఒక కన్ను మూసి మూసి
ఆ పక్క చెంప పైకి లేచిపోయిన ముఖం.
నాలుగేళ్ళు ఆ బల్లకింద
రాలిన బంగారు రజను ఊడ్చాను.
ఆ తర్వాతే భూతద్దం చేతికిచ్చాడు.

"వజ్రంలో నీరుంది అంటారు చూడు,
నీళ్ళంటేనే దానికి గిట్టదు.
చుక్క వేస్తే ముద్దగా నిలబడి జారిపోతాది.
నూనెంటే మాత్రం ప్రాణం.
తలనూనె, చెంప చెమట, సాంబ్రాణి పొగ
అన్నీ వెనక దాచుకోని మసకబారతాది.
గీత పడదు గదా అని సుత్తి చూపించొద్దు,
నరం మీద తగిలితే నిలువునా చీలతాది.
గట్టితనం వేరు, ఓర్పు వేరురా అబ్బయ్యా."

కెంపు నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు.
ఒక్క మచ్చా లేని ఎర్ర రాయి చూసి
ఆహా అన్నాను. నెత్తిన మొట్టాడు.
"ఇంత శుభ్రంగా ఎవురు పుడతారు?
లోపల పట్టుపోగులు వెతుకు.
గాజుకు బుడగలుంటాయి,
కొలిమిలో పోసినదానికి వంపు గీతలుంటాయి,
భూమిలో పండినదానికి
అది పడిన తంటాలుంటాయి."

ఆచారి పోయి ఆరేళ్ళు. బల్ల ఇప్పుడు నాది.

నిన్న మామిడికాయల మండీ దేవసేనమ్మ వచ్చింది.
కొంగు ముడి విప్పి వాళ్ళమ్మ కమ్మలు పెట్టింది.
నడుమ కెంపు, చుట్టూ ఆరు రవ్వలు.
"బ్యాంకులో పెట్టాల. వెల కట్టన్నా."

కుంకుడు నీళ్ళలో నానేసి కుంచెతో రుద్దితే
ఎన్నేళ్ళ నూనో, గిన్నెలో తెట్టు కట్టింది.
కెంపులు రెండూ మంచివే.
పోగులు కనిపించాయి, ఒకదానిలో
పుట్టుమచ్చలా చిన్న నల్ల చుక్క.

కుడి కమ్మ మీద ఊదాను.
రెప్పపాటులో ఆరు రవ్వలూ నా ఊపిరిని మరిచిపోయాయి.
ఎడమ కమ్మ మీద ఊదాను.
ఐదు మరిచిపోయాయి.
ఒకటి పట్టుకుని కూర్చుంది.
ఇంకోసారి ఊదాను. అంతే.

"ఒకటి గాజమ్మా," అన్నాను.
"పనితనం మంచిదే. మార్చి చాలా కాలమైంది."
అంచు మడిచిన తీరు చూసి
అది ఎవరి చెయ్యో నాకు తెలిసిపోయింది.
అది మాత్రం చెప్పలేదు.
ఆయనా ఎన్నడూ చెప్పలేదు గదా.

ఆమె అరవలేదు. కమ్మను కాదు, నా కిటికీని చూసింది.
"తొంభై ఆరులో వానకు కాయంతా రాలిపోయింది.
కూలోళ్ళ లెక్క మాత్రం అమ్మ నిలపలేదు.
యాడ తెచ్చిందో మాకెవురికీ తెలీదు."
కాసేపాగింది.
"పెళ్ళిళ్ళకు పోతే ఎడమ పక్క గోడుండాల ఆమెకు.
లేకపోతే కూర్చునేదే కాదు.
చెవిలో గాలి పడదు అనేది.
మేము నవ్వేవాళ్ళం."

చీటీ రాశాను: కెంపులు రెండు, రవ్వలు పదకొండు, గాజు ఒకటి.
గాజును బ్యాంకువాళ్ళు కొట్టేస్తారని చెప్పాను.
కొత్త రవ్వకు ఎంతవుతుందో కూడా చెప్పాను.
"కాయ తెగినాక చూద్దాం లే" అంది.
కడిగిన కూలి నలభై రూపాయలు ఇచ్చింది.

కమ్మల్ని మళ్ళీ కొంగున ముడేస్తుందనుకున్నా.
చెవులకే పెట్టుకుంది.
అద్దం ఇవ్వబోతే వద్దంది.
మూడు మెట్లూ ఎక్కేటప్పుడు
ఎడమ భుజం గోడకు రాసుకుంటూ పోయింది.