గుంత పూడ్చాలి

తెల్లవారుజామున మూడింటికి ఇంకా మెలకువ వస్తోంది.
తలుపు దగ్గర నీ గోళ్ళ చప్పుడు లేదు.
అయినా బూట్లు తొడుక్కుంటాను,
ఎవాజియో పాత కోటు వేసుకుంటాను,
జేబులో ఎండు రొట్టె ముక్కలు ఉన్నాయో లేవో తడుముతాను.
ఉన్నాయి.

నేబియా,
పొగమంచు అని నీకా పేరు పెట్టింది ఆయనే,
పిలిచినా చేతికి చిక్కేదానివి కాదని.

ఈ లాంగె కొండల్లో ఏ మగాడూ
ట్రఫుల్ దొరికే చోటు పెళ్ళానికి చెప్పడు.
మా ఆయనా చెప్పలేదు.
నలభై రెండేళ్ళు ఒకే మంచం, ఒకే పొయ్యి,
ఒక్క ఓక్ చెట్టు ఆచూకీ నోరు జారలేదు.
ఆసుపత్రిలో ఆఖరి వారం, సిగ్గు విడిచి అడిగాను.
నవ్వాడు.
"కుక్కనడుగు, డెల్ఫీనా" అన్నాడు.

అడిగాను.
ఆ చలికాలమంతా నన్ను లాక్కుపోయావు,
వాగు దాటించి, కూలిన ఇటుకల బట్టీ వెనక్కి,
పాప్లర్ల కిందికి, ఎవరిదో ద్రాక్షతోట కంచె సందులోంచి,
ముక్కుసూటిగా అంటారే, అలా.
ప్రతి చోటా ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసేదానివి,
ఇదీ ఆయనదే, అన్నట్టు.
ఒక తొర్రలో సగం తాగిన గ్రప్పా సీసా చూపించావు.
డాక్టరు మానేయమన్న తర్వాత కొన్నదే అది!
అక్కడే చెట్టుకి ఆనుకుని తిట్టాను, నవ్వాను,
మిగతా సగం నేను తాగాను.
మొగుణ్ణి నేను సరిగ్గా ఎరిగింది
ఆయన పోయాక, నీ తోక వెనకాల నడిచి.

"పద్నాలుగేళ్ళు, మంచి వయసే" అంది పశువుల డాక్టరమ్మ.
చివరి రోజు అక్రోటు కాయంత తెల్ల ట్రఫుల్
నీ ముక్కు దగ్గర పెట్టాను.
ఆల్బా సంతలో దానికి నెల పింఛను వస్తుంది.
నువ్వు దాన్ని వదిలేసి
నా బొటనవేలు నాకావు.

ఎవాజియో పోయినప్పుడు నలుగురు మోశారు,
గంట మోగింది, పదకొండు గిన్నెల సూపు వచ్చింది ఇంటికి.
నీకు ఒక్క గిన్నె రాలేదు.
"కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకో" అంది రొట్టెల కొట్టు రొజాల్బా,
చిల్లర లెక్కపెడుతూ.
తెరేజియో మటుకు వచ్చాడు.
ఇరవై ఏళ్ళుగా మా ఆయనతో మాటల్లేనివాడు,
టోపీ చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.
"దాని ముక్కు గొప్పది" అన్నాడు.
చోట్లు ఎక్కడని అడగలేదు.
మా ఊళ్ళో అంతకు మించిన మర్యాద లేదు.

ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పకు.
ఆయనకి ఇంత ఏడవలేదు నేను.
దీపం ఇంకా వెలుగుతోందనుకున్నాను అప్పుడు,
నీ ముందు నడకలో.
ఇప్పుడు ఆ కొండ మొత్తం తలుపేసుకుంది.
నాకు తెలిసినవి తొమ్మిది చెట్లు.
మిగతావి నీతో పోయాయి,
వాటితో ఆయన, రెండోసారి.

ట్రఫుల్ తవ్విన గుంత అలా వదిలేయకూడదు.
మట్టి పూడ్చి, ఆకులు కప్పి,
మడమతో మెల్లగా అదమాలి.
అప్పుడే వచ్చే ఏడు మళ్ళీ పుడుతుంది.
ఎవాజియో నోటితో నేర్పిన పని అదొక్కటే.
నిన్ను పెట్టి అలాగే పూడ్చాను.
చేతులకి వేరే పద్ధతి తెలియదు.
ఎవరూ పసిగట్టకుండా ఆకులు కూడా పరిచాను.
ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే
అప్పుడు గుర్తొచ్చింది,
అక్కడ వచ్చే ఏడు ఏమీ పుట్టదని.

ఈ రాత్రి ఇటుకల బట్టీ దాకా ఒక్కదాన్నే వెళ్ళాను.
మోకాళ్ళ మీద కూచుని నేలని వాసన చూశాను.
తడి. కుళ్ళిన ఆకు. అంతే.
పక్కనే ఎవరో తవ్వి వదిలేసిన గుంత,
అడవిపంది పనో, మర్యాద తెలియని కుర్రాడి పనో.
పూడ్చాను.
ఆకులు కప్పాను.
మడమతో అదిమాను, మెల్లగా.

జేబులో రొట్టె ముక్కలు కోళ్ళకి వేసేయాలి.
రేపు.
రేపు కాదులే, ఎల్లుండి.