రెండో అర్థం

పర్లాకిమిడి కోర్టు ప్రహరీ పక్కన
నా టైపు మిషనుకి ముప్పై రెండేళ్లు.
దానికి ఆర్ అక్షరం అరిగిపోయింది.
గుద్దితే పడుతుంది. మామూలుగా కొడితే
కాగితం మీద చిన్న నొక్కు మాత్రం మిగుల్తుంది.

ఆ రోజు దాకువా వకీలు వచ్చి
"సంతలో దెబ్బలాట. రాయి" అన్నాడు.
వెనకాల ఇద్దరాడవాళ్లు.
గేదెల సన్యాసమ్మ, చింతపండు.
కుంతల బిసోయి, చేపలు.

కుంతల గంపలోంచి కారిన చేపనీళ్లు
వాలు చూసుకుని వెళ్లి
సన్యాసమ్మ చింతపండు కుప్ప కింద చేరాయి.
అంతే. తక్కెడ లేచింది, కొప్పు ఊడింది,
పావుకిలో రాయి ఎవరి పాదం మీద పడిందంటే
ఇద్దరూ తమ పాదమే చూపిస్తున్నారు.

"ఏమని తిట్టింది?" అన్నాను.
అక్కడ ఆగిపోయింది నా వేలు.
కుంతల తిట్టింది తెలుగులో.
సన్యాసమ్మ తిట్టింది ఒడియాలో.
"మన బాసలో తిడితే దానికెక్కడ తగుల్తాది బాబూ,
దాని బాసలో అయితేనే ఎముక దాకా ఎల్తాది"
అంది సన్యాసమ్మ, చేతివిద్య చెబుతున్నట్టు.
కుంతల తలూపింది.
ఇరవై ఏళ్లు పక్కపక్క గోనెపట్టాల మీద కూర్చుని
ఒకరి మాట ఒకరు నేర్చుకున్నది ఇందుకేనా?
ఇందుకు కూడా.

ఇప్పుడు దీనికి ఇంగ్లీషు కావాలి.
జగడం, ఝొగొడా, తగువు, గొండొగొళొ, రచ్చ, యాగీ, సిగపట్లు,
మా వీధుల్లో ఒక్కో దానికి ఒక్కో ఎత్తు.
తగువైతే మర్నాడు మాట్లాడుకోవచ్చు.
యాగీకి జనం కావాలి.
సిగపట్లకి సిగ ఉండాలి,
దాకువా బాబుకది ఈ జన్మలో కుదరదు.

"అఫ్రే అని కొట్టు" అన్నాడాయన.
అఫ్రేకి ఇద్దరు కొట్టుకుంటే చాలదట,
బహిరంగ స్థలం కావాలట, ప్రజల శాంతి చెడాలట.
సాక్షి, బెల్లం కొట్టు దుర్యోధన గౌడో.
"శాంతా? ఆ పొద్దు నా బేరం రెట్టింపయింది" అన్నాడు.

అయితే బ్రాల్ అందాం, అన్నాను.
నిఘంటువు తీశాను, వెన్ను ఊడితే మైదా రాసి అతికించింది.
మొదటి అర్థం: నలుగురిలో గోలగా కొట్టుకోవడం.
రెండోది చిన్న అక్షరాల్లో ఉంది, ఇన్నేళ్లూ చూడలేదు:
ఏరు, రాళ్ల మీదుగా, చప్పుడు చేస్తూ పారడం.

మహేంద్రతనయ గుర్తొచ్చింది.
శ్రావణంలో వంతెన కింద అది చేసేది ఇదేనా?
ఇటు మేం, అటు పాతపట్నం,
మధ్యలో ఏ రాయిని ఏ బాసలో తిడుతుందో
ఎవరూ అర్జీ పెట్టలేదు.
వైశాఖంలో నీళ్లింకి అది నోరు మూసుకున్నప్పుడు కదా
మేం బిందెలు పట్టుకుని భయపడేది.

కొట్టాను. బ్రాల్.
ఆర్ పడలేదు.

బెంచి గుమాస్తా పైకి చదివాడు:
ఈ ఇద్దరు స్త్రీలు ఫలానా తేదీన సంతలో
ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని
బావురుమని ఏడ్చారు.
ఆర్ లేని బ్రాల్‌కి అదే అర్థం.

కోర్టు నవ్వింది.
దాకువా బాబు నన్ను చూసిన చూపుకి
ఏ భాషలోనూ మాట వెతకను.
సన్యాసమ్మ నవ్వలేదు. తెలుగులో చెప్పమంది, చెప్పాను.
కుంతలకి ఒడియా చేసి తనే చెప్పింది, మెల్లగా,
తిట్టేటప్పుడు లేని తడుముకోడంతో.
కాసేపు ఇద్దరూ తమ తమ పాదాలు చూసుకున్నారు.
"నానేడిసినట్టు ఆ కాయితానికెవులు సెప్పినారు?"
అంది కుంతల, తెలుగులోనే.

దిద్దమన్నారు, దిద్దాను.
బీకీ ఏకీ మధ్య సందులో
నల్ల సిరాతో ఒక ఆర్ ఇరికించాను,
ఏట్లో గులకరాయంత.